సాయంత్రం స్పీకింగ్ క్లబ్ మీటింగ్ నడపడం ఎలా? హైదరాబాద్‌లో మొదటిసారి బాధ్యత తీసుకున్నవారికి సమగ్ర మార్గదర్శి

నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులు హైదరాబాద్‌లో ఇప్పుడు ఆఫీసుల్లో ఉన్నాయి, కాలేజీల్లో ఉన్నాయి, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాళ్ళలోనూ ఉన్నాయి. చాలావరకు టోస్ట్‌మాస్టర్స్ పద్ధతిలోనో, దానికి దగ్గరగానో నడుస్తాయి. అలాంటి క్లబ్బులో చేరిన కొన్నాళ్ళకు "వచ్చే మీటింగ్ మీరే నడపండి" అంటారు. ఆ మాట వినగానే చాలామందికి తమ మాటల గురించే టెన్షన్ పట్టుకుంటుంది: ఏం మాట్లాడాలి, ఎలా నవ్వించాలి, తడబడితే ఎలా అని. మీటింగ్ నడిపేవారి అసలు పని అది కాదు. ఆ సాయంత్రం లేచి మాట్లాడిన ప్రతి ఒక్కరూ తమ మాట గురించి పనికొచ్చే ఒక్క ముక్కైనా విని ఇంటికెళ్ళాలి. దానికి సమయం మిగిల్చి ఉంచడమే మీ పని. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో తెలిస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన 1905లో అమెరికాలోని బ్లూమింగ్టన్‌లో వైఎంసీఏ అనే యువజన సంఘంలో పనిచేసేవారు. అక్కడికొచ్చే కుర్రాళ్ళకు మాట్లాడటం, సమావేశాలు నడపడం రావట్లేదని గమనించి, వంతులవారీగా మాట్లాడే చిన్న బృందాన్ని పెట్టారు. తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో 1924 అక్టోబరు 22న ఆయన మొదలుపెట్టిన క్లబ్బే ఇవాళ్టి టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్‌కు పునాది. ఇందులో ప్రత్యేకంగా గురువు ఉండరు. మాట్లాడేదీ సభ్యులే, విని ఎలా ఉందో చెప్పేదీ సభ్యులే. అందుకే ఆ చెప్పడంలో పస లేకపోతే ఫీజు కట్టి చప్పట్లు కొట్టించుకోవడం తప్ప క్లబ్బులో ఇంకేమీ మిగలదు.

1. చోటు, వేళ

హాలు ఎంత పెద్దదని కాదు, రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడి నుంచి ఇంటికి చేరడం ఎంత సులువని చూడండి. రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్ళు, ఎల్బీ నగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇద్దరూ ఉంటే అమీర్‌పేట చుట్టుపక్కల పెట్టుకోవడం మంచిది. మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో, నాగోల్–రాయదుర్గం మెట్రో రెండూ అక్కడే కలుస్తాయి. అందరిదీ గచ్చిబౌలి పరిసరాల్లో ఉద్యోగమైతే ఆఫీసులోని మీటింగ్ రూమే నయం. ఆరున్నరకు ఐటీ కారిడార్ నుంచి బయటపడి ఏడింటికల్లా ఊరి మధ్యకు రమ్మనడం న్యాయం కాదు.

బయట చోటు కావాలంటే బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల ముందుగా అడిగి చూడవచ్చు. కోఠి ప్రాంతంలో ఉన్నవాళ్ళకు సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గుర్తుకు రావాలి. 1901లో మొదలైన ఆ గ్రంథాలయం ఈ నగరంలో తెలుగు మాటకు తొలి చిరునామాల్లో ఒకటి. చోటు ఏదైనా, మాట ఇచ్చే ముందు ఒకసారి మీటింగ్ జరిగే వేళకే వెళ్ళి కూర్చుని చూడండి. పగలు ప్రశాంతంగా ఉన్న గది సాయంత్రం పక్క హాల్లో పుట్టినరోజు పార్టీ పెడితే పనికిరాదు. ఫ్యాను చప్పుడు, బయటి హారన్లు దాటి చివరి కుర్చీ దాకా మామూలు గొంతు వినబడాలి. మైకు మీద ఆధారపడితే గొంతు పెంచి మాట్లాడటం ఎవరికీ అలవాటు కాదు. పదిహేను, ఇరవై మందికి మైకు అక్కర్లేదు కూడా.

2. రోల్స్ ఫోన్ చేసి నింపండి

మీటింగ్‌కు కావాల్సిన రోల్స్ ఇవి: మీటింగ్ మొత్తాన్ని నడిపించే టోస్ట్‌మాస్టర్ ఆఫ్ ది డే (అంటే మీరే), సిద్ధమై వచ్చే ఇద్దరు స్పీకర్లు, వాళ్ళ స్పీచ్ విని ఎలా ఉందో చెప్పడానికి ఒక్కొక్కరికి ఒక ఎవాల్యుయేటర్, అప్పటికప్పుడు మాట్లాడించే టేబుల్ టాపిక్స్ మాస్టర్, సమయం చూసే టైమర్, "ఆ", "అంటే" లాంటి అలవాటు మాటలు లెక్కపెట్టే ఆ-కౌంటర్, భాషను గమనించే గ్రామేరియన్, వీళ్ళందరినీ గమనించే జనరల్ ఎవాల్యుయేటర్. హాలు, కుర్చీలు చూసుకునే సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ ఒకరు విడిగా ఉంటారు.

వాట్సాప్ గ్రూప్‌లో "టైమర్‌గా ఎవరైనా వస్తారా?" అని పెడితే నలుగురు చూస్తారు, ఎవరూ పలకరు. అందరినీ అడగడమంటే ఎవరినీ అడగకపోవడమే. పేరు పెట్టి, ఫోన్ చేసి అడగండి: "ఈసారి టైమర్‌గా మీరుంటే బాగుంటుంది, ఏం చేయాలో రెండు నిమిషాల్లో చెప్తాను" అంటే చాలామంది కాదనరు. మీటింగ్‌కు మూడు రోజుల ముందే ఇది పూర్తవ్వాలి. ముందురోజు రాత్రి అందరి పేర్లతో ఎజెండా గ్రూప్‌లో పెట్టండి.

స్పీకర్నీ, ఎవాల్యుయేటర్నీ ముందే కలపడం చాలామంది వదిలేసే పని. ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకోవాలి. "ఈసారి పేపర్ చూడకుండా మాట్లాడాలనుకుంటున్నాను, అది గమనించండి" అని స్పీకర్ చెబితే ఎవాల్యుయేటర్‌కు ఏం చూడాలో తెలుస్తుంది. లేదంటే చేతులు ఇంకా కదపాలి, గొంతు ఇంకా పెంచాలి అని అందరికీ చెప్పేదే ఆ స్పీకర్‌కూ చెప్తారు.

సాయంత్రం ఐదింటికి ఒకరు "క్లయింట్ కాల్ పడింది, రాలేను" అంటారు. వానాకాలంలో అయితే ఇద్దరు, ముగ్గురు అంటారు. దానికి కంగారు పడొద్దు. ఆ-కౌంటర్, గ్రామేరియన్ పనులు ఒకరికే ఇవ్వొచ్చు. స్పీకర్ రాకపోతే టేబుల్ టాపిక్స్ పొడిగించండి, లేదా పాత స్పీచ్‌ను ఎవాల్యుయేటర్ చెప్పిన మార్పుతో మళ్ళీ ఇవ్వమని ఒక సభ్యుణ్ణి అడగండి. ఒకే స్పీచ్‌ను రెండోసారి ఇవ్వడం వల్ల వచ్చే మెరుగు చూసి తీరాల్సిందే. ఆరుగురే వచ్చినా మీటింగ్ రద్దు చేయకండి. వాన తప్పించుకుని వచ్చినవాళ్ళను వెనక్కి పంపితే తర్వాతి వారం వాళ్ళు కూడా రారు.

3. నిమిషాల లెక్క

ఏడింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగిసే మీటింగ్‌ను నేనైతే ఇలా వేస్తాను. స్వాగతానికి, అతిథుల పరిచయానికి 5 నిమిషాలు. టోస్ట్‌మాస్టర్ ఆఫ్ ది డే వచ్చి రోల్స్ వివరించడానికి 8. రెండు స్పీచులకు పరిచయాలతో కలిపి 18. టేబుల్ టాపిక్స్‌కు 20. రెండు ఎవాల్యుయేషన్లకు 8. టైమర్, ఆ-కౌంటర్, గ్రామేరియన్ రిపోర్టులకు 6. జనరల్ ఎవాల్యుయేటర్‌కు 5. అతిథుల మాటకు 5, ప్రకటనలకు 5. మొత్తం 80. మిగిలిన పది నిమిషాలను ఎజెండాలో రాయకండి. రాస్తే ఎవరో ఒకరు వాడేసుకుంటారు.

మూడో స్పీచ్ పెట్టమని ఎవరైనా అడుగుతారు. పెడితే దాని ఎవాల్యుయేషన్ కూడా పెట్టాలి, అంటే దాదాపు 13 నిమిషాలు ఎక్కడి నుంచో కోయాలి. అప్పుడు కోత పడేది దాదాపు ఎప్పుడూ ఎవాల్యుయేషన్లకే, ఎందుకంటే అవి చివర్లో ఉంటాయి. నా మాట వింటే 90 నిమిషాల్లో రెండు స్పీచులే చాలు.

చాయ్ బ్రేక్ మీటింగ్ మధ్యలో పెట్టకండి. ఎనిమిదింటికి చాయ్ కోసం లేచినవాళ్ళలో కొందరు చాయ్ తాగి అటునుంచి అటే వెళ్ళిపోతారు. ఆరున్నర నుంచి ఏడింటి దాకా, వచ్చేవాళ్ళు వస్తుండగా చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉంచితే ఆకలి తీరుతుంది, కొత్తవాళ్ళతో నాలుగు మాటలూ పడతాయి, టైముకు రావడానికి ఒక కారణమూ దొరుకుతుంది.

4. ఏడింటికి ముందు అరగంట

కుర్చీలు వరుసల్లో కాకుండా గుర్రపు నాడా ఆకారంలో వేయించండి. మాట్లాడేవారికి అందరి ముఖాలూ కనబడాలి, వెనక దాక్కునే వరుస ఉండకూడదు. టైమర్ కుర్చీ స్పీకర్ కళ్ళకు ఎదురుగా, తల తిప్పక్కర్లేని చోట ఉండాలి. సమయం చూపడానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చాలు, లైట్లు లేకపోయినా పర్వాలేదు. ప్రతి కుర్చీలో స్పీకర్‌కు అభిప్రాయం రాసిచ్చే చిన్న చీటీలు రెండు పెట్టండి. తలుపు దగ్గర ఒకరిని కచ్చితంగా నిలబెట్టండి. కొత్తగా వచ్చిన మనిషి హాలు ఇదేనా కాదా అని గుమ్మంలో తచ్చాడే ఆ అర నిమిషంలోనే లోపలికి రావడమో, వెనుదిరగడమో తేలిపోతుంది.

ఏడింటికి ఎంతమంది ఉంటే అంతమందితో మొదలుపెట్టండి. "ట్రాఫిక్‌లో ఉన్నారట, ఇంకో పది నిమిషాలు చూద్దాం" అంటే టైముకు వచ్చినవాళ్ళకు శిక్ష వేసినట్టే. నెల రోజులు గట్టిగా నిలబడితే అందరూ దారికొస్తారు.

5. వేదిక మీదికి పిలవడం

స్పీకర్‌ను పిలిచే పద్ధతికి ఒక క్రమం ఉంది: పేరు, స్పీచ్ టైటిల్, మళ్ళీ టైటిల్, మళ్ళీ పేరు, తర్వాత చప్పట్లు. కొత్తలో కృత్రిమంగా అనిపించినా ఇది పనిచేస్తుంది. మీరు చెప్పే పరిచయం రెండు, మూడు వాక్యాలు దాటకూడదు, అందులో స్పీచ్ విషయం బయటపెట్టకూడదు. స్పీకర్ వచ్చి చేయి కలిపేదాకా లేదా నమస్కారం పెట్టేదాకా మీరు అక్కడే ఉండండి. వేదిక ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు.

పిలుపుల్లో అందరికీ "గారు" వాడండి. మేనేజర్‌ను "సర్" అని, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిని ఉత్త పేరుతో పిలిస్తే ఆఫీసు పెద్దరికం క్లబ్బులోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆ మేనేజర్ స్పీచ్‌లో లోపం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

6. టైమర్ కార్డులు

మామూలు స్పీచ్ 5 నుంచి 7 నిమిషాలు: ఐదుకు ఆకుపచ్చ, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. తొలి స్పీచ్ అయిన ఐస్ బ్రేకర్‌కు 4, 5, 6. టేబుల్ టాపిక్స్‌కు 1 నిమిషం, 1:30, 2. ఎవాల్యుయేషన్‌కు 2, 2:30, 3. ఎరుపు చూపాక ఇంకో 30 సెకన్ల వెసులుబాటు ఉంటుంది. పోటీల్లో అది కూడా దాటితే డిస్‌క్వాలిఫై అవుతారు. ఎరుపు చూపినా ఆపనివాళ్ళు ఉంటారు. వెసులుబాటు అయిపోగానే మీరు లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టండి. సభ అందుకుంటుంది, స్పీకర్ కూడా నొచ్చుకోరు.

7. టేబుల్ టాపిక్స్

అప్పటికప్పుడు విషయం ఇచ్చి మాట్లాడించే ఈ ఇరవై నిమిషాలంటేనే కొత్తవాళ్ళు ఎక్కువ భయపడతారు. ఆశువుగా మాట్లాడటం మనకు కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య అవధాని కూర్చుంటారు, అందులో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే అడ్డదిడ్డమైన ప్రశ్నలతో ఆయన ధారణను చెదరగొట్టడం. టేబుల్ టాపిక్స్ మాస్టర్ చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. ఎదుటివారు తేలిగ్గా అందుకోగలిగే ప్రశ్న వేయాలి.

"ప్రపంచీకరణపై మీ అభిప్రాయం?" లాంటివి వద్దు. మనిషిని తన జీవితంలోకి తీసుకెళ్ళే ప్రశ్న కావాలి. "మీ ఇంట్లో ఎవరూ పారేయనివ్వని పాత వస్తువు ఏది?" "అద్దె పెంచుతానంటున్న ఇంటి ఓనర్ మీ ఎదురుగా ఉన్నారు, ఒప్పించండి." "మియాపూర్‌లో మెట్రో ఎక్కారు, ఎల్బీ నగర్ దాకా మీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటే బాగుండును?" ఇలాంటివి ఎనిమిది రాసుకుని రండి. ఆరుగురికి టైమ్ సరిపోతుంది, రెండు చేతిలో ఉంటాయి. పార్టీలు, కులం, మతం, ఏ ప్రాంతం గొప్పదన్న చర్చ వీటిని పక్కన పెట్టండి.

ప్రశ్న ముందు చదవండి, పేరు తర్వాత పిలవండి. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్ళంతా హమ్మయ్య అనుకుని వినడం మానేస్తారు. ప్రశ్న ముందు వింటే హాలు మొత్తం మనసులో జవాబు వెతుక్కుంటుంది. మొదట ఒక పాత సభ్యుణ్ణి పిలవండి, అతిథిని ఎప్పుడూ మొదట పిలవకండి. అతిథిని మాట్లాడమని అడగాలంటే మీటింగ్‌కు ముందు చాయ్ దగ్గరే అడగాలి. వద్దంటే అక్కడితో వదిలేయండి.

మాట తోచక నిలబడిపోయినవారికి ఒక దారి చెప్పి పెట్టండి: ముందు జవాబు ఒక్క వాక్యంలో, తర్వాత కారణం, తర్వాత జరిగిన ఒక సంగతి. సంగతి మొదలైతే నిమిషంన్నర ఇట్టే గడిచిపోతుంది.

8. ఎవాల్యుయేషన్: అసలు పని ఇక్కడుంది

ఎక్కువ క్లబ్బుల్లో వినబడే ఎవాల్యుయేషన్ ఇలా ఉంటుంది: "చాలా బాగా మాట్లాడారు. బాడీ లాంగ్వేజ్ బాగుంది. ఇంకాస్త కాన్ఫిడెంట్‌గా ఉంటే ఇంకా బాగుంటుంది. ఆల్ ది బెస్ట్." ఇందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు, పనికొచ్చే మాటా లేదు. ఇంటికెళ్ళి ఏం మార్చుకోవాలో ఆ స్పీకర్‌కు తెలియదు.

ఒక ఐస్ బ్రేకర్ ఊహించుకుందాం. సిద్దిపేట నుంచి వచ్చిన ఒక అబ్బాయి తన గురించి చెప్పాడు: నాన్నకు టీవీ రిపేర్ షాపు, ఇంజనీరింగ్, అమీర్‌పేటలో కోచింగ్, ఉద్యోగం. దానికి పనికొచ్చే ఎవాల్యుయేషన్ ఇలా ఉండొచ్చు:

"మీరు 'సాల్డరింగ్ వాసన వస్తే నాన్న ఇంటికొచ్చినట్టు లెక్క' అన్నప్పుడు నేను రాసుకోవడం ఆపేసి మీ వైపు చూశాను. నాకు ఆ షాపు కనబడింది. కానీ ఆ మాట పూర్తవగానే మీరు ఆగకుండా కాలేజీలోకి వెళ్ళిపోయారు. అక్కడ రెండు సెకన్లు ఆగి ఉంటే మాకు ఆ వాసన ఇంకాసేపు నిలిచేది. తర్వాతి స్పీచ్‌లో మీకు బాగా ఇష్టమైన వాక్యం ఏదో ముందే గుర్తుపెట్టుకుని, దాని తర్వాత ఆగి చూడండి. ఇంకోటి, నాన్న గురించి చెప్తున్నంతసేపూ మీ చేతులు వాటంతటవే కదిలాయి. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి జేబులోకి వెళ్ళిపోయాయి. నచ్చిన విషయం చెప్తుంటే చేతుల గురించి ఆలోచించనక్కర్లేదని మీరే చూపించారు."

ఇందులో స్పీకర్ అన్న మాట ఉన్నదున్నట్టుగా తిరిగి వినబడింది. అది విన్నవారి మీద ఎలా పనిచేసిందో వచ్చింది. మార్చుకోవాల్సింది ఒక్కటే, దాన్ని ఎలా చేయాలో కూడా ఉంది. నిజమైన మెచ్చుకోలు ఎప్పుడూ ఫలానా చోట అని చూపిస్తుంది. ఎవాల్యుయేటర్లకు మీరు ముందే చెప్పాల్సింది ఇదే: స్పీచ్ వింటూ కనీసం రెండు వాక్యాలు స్పీకర్ మాటల్లోనే రాసుకోండి. అవి కాగితం మీద ఉంటే ఎవాల్యుయేషన్ సగం తయారైనట్టే.

మెచ్చుకోలు, సూచన, మళ్ళీ మెచ్చుకోలు అనే క్రమం చాలా క్లబ్బుల్లో నేర్పుతారు. మంచిదే, కానీ సూచనలు ఐదు పెట్టకండి. మొదటిసారి మాట్లాడినవారికి ఒకటి, పాతవారికి రెండు. "ఇలా చేయకూడదు" అనే తీర్పు కాకుండా "నాకు ఇలా అనిపించింది" అని చెప్పించండి. ఉచ్చారణ, ఒళ్ళు, వేషం గురించి సభలో మాట్లాడనివ్వకండి. మరీ అవసరమైతే పక్కకు పిలిచి చెప్పే విషయం అది.

ఎవాల్యుయేటర్ మెత్తగా దాటేస్తే అది జనరల్ ఎవాల్యుయేటర్ పట్టుకోవాలి, ఆ పని కోసమే ఆ రోల్ ఉంది. ఆ ఐదు నిమిషాల్లో మీటింగ్‌ను మొత్తం మళ్ళీ వివరించడం కాకుండా, ఏ ఎవాల్యుయేషన్ స్పీకర్‌కు ఉపయోగపడిందో, ఎందుకో చెప్పమనండి.

9. భాష గురించి రిపోర్టులు

ఆ-కౌంటర్ లెక్కపెట్టేవి ఇంగ్లిష్ మీటింగుల్లో ఒకలా ఉంటాయి, తెలుగులో వేరు. "అంటే", "అదే", "మరి", ప్రతి వాక్యం చివర "అన్నమాట", మధ్యలో "సో", "బేసిగ్గా", "యాక్చువల్‌గా" వినబడతాయి. అలవాటుగా దొర్లితేనే లెక్క, అర్థం కోసం వాడితే కాదు. అంకెలు చదివి కూర్చోకుండా, ఎక్కడ ఎక్కువ వచ్చాయో చెబితే మేలు. సాధారణంగా ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మారేచోట వస్తాయి. అక్కడ నోరు మూసుకుని ఒక్క శ్వాస తీసుకోవడమే మందు.

గ్రామేరియన్ ఆ రోజుకు ఒక పదం ఇచ్చి అందరినీ వాడమంటారు, మంచి ప్రయోగాలను మెచ్చుకుంటారు. యాసను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పుల జాబితాలో వేయకూడదు. "గిట్లయింది" అన్నా, "ఇట్టా జరిగింది" అన్నా, "వెళ్ళిండు" అన్నా అవి ఆ మనిషి ఇంటి మాటలు. ఈ నగరంలో ఆ పాఠం పాతది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్లో జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే సభలో గేలి చేశారు. ఆ అవమానం భరించలేక అక్కడి తెలుగువాళ్ళు ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడినందుకు నవ్విన ఊళ్ళో, ఇప్పుడు ఒక తెలుగును చూసి ఇంకో తెలుగు నవ్వకూడదు. ఎవరైనా ముసిముసిగా నవ్వితే టోస్ట్‌మాస్టర్‌గా మీరు అక్కడే, మర్యాదగా ఆపండి.

10. అతిథులు, ముగింపు పనులు

చివర్లో ప్రతి అతిథినీ ఒక నిమిషం మాట్లాడమనండి: మీటింగ్ ఎలా అనిపించిందో చెబితే చాలు. అప్పటిదాకా నోరు విప్పని మనిషి కూడా ఆ నిమిషం మాట్లాడతారు, చాలామందికి క్లబ్బులో తొలి ప్రసంగం అదే. సభ్యత్వం, ఫీజు గురించి అడిగితే వివరంగా చెప్పండి, అడగకపోతే వెంటపడకండి.

బెస్ట్ స్పీకర్, బెస్ట్ ఎవాల్యుయేటర్ ఓట్ల లెక్క, ఫొటో త్వరగా కానిచ్చేయండి. అందరూ లేవకముందే తర్వాతి మీటింగ్ రోల్స్ కాగితం ఒకటి చుట్టూ తిప్పండి. హాల్లో ఉండగా సగం పేర్లు పడతాయి, ఇంటికెళ్ళాక అడిగితే రెండు కూడా పడవు. స్పీకర్లకు రాసిన చీటీలు వాళ్ళ చేతికి అందాయో లేదో చూసుకోండి. హాలు తాళం ఇచ్చేటప్పుడు వాచ్‌మన్‌కు వచ్చే వారం తేదీ గుర్తుచేయండి.

మర్నాడు పొద్దున అతిథులకు ఒక మెసేజ్ పంపండి, అందరికీ ఒకటే కాపీ చేయకుండా. "మీరు నిన్న మీ అమ్మమ్మ ట్రంకు పెట్టె గురించి చెప్పింది గుర్తుండిపోయింది, వచ్చే మీటింగ్‌కు మీకో కుర్చీ ఉంచుతాం" అని రాయండి. అలాగే ఐస్ బ్రేకర్ ఇచ్చినవారికి ఫోన్ చేసి రెండో స్పీచ్‌కు తేదీ అడగండి. మొదటి స్పీచ్ తర్వాత నెలలు గడిచిపోతే పోయిన భయం మళ్ళీ వస్తుంది, కాబట్టి మూడు వారాల్లోపు తేదీ అయితే మంచిది.